ఐదో టిక్కు

మెట్లాయనకి కూర్చుని పనిచేసే అలవాటు లేదు. ముప్పై ఒక్క ఏళ్ళు నిలబడే బతికాడు. చెక్క మెట్లు చేయడం ఆయన పని, ఆ పనిలో పడ్డదే ఆ పేరు. అసలు పేరు ఏ కాగితాల్లోనో ఉండే ఉంటుంది గానీ వర్క్‌షాపులో ఎవరికీ దానితో అవసరం పడలేదు. కోపం వచ్చినప్పుడు పెళ్ళాం కూడా "ఏవండీ మెట్లాయనగారూ" అనే అంటుంది.

అలాంటి మనిషిని పోయినేడు భుజం దెబ్బ తీసింది. బరువైన దూలం ఒకటి ఎత్తుతుంటే లోపల ఏదో తెగింది. డాక్టరు కోశాడు, కుట్టాడు, నెలల తరబడి కసరత్తులు చేయించాడు. ఇంత చేశాక కుడిచెయ్యి భుజం ఎత్తుదాకా లేస్తుంది, ఆపైన లేవనని మొండికేస్తుంది. చిత్రిక పట్టలేడు, సుత్తి ఎత్తలేడు. అన్నం తినగలడు, సంతకం పెట్టగలడు, ఈగలు తోలగలడు. ఎనిమిది నెలలుగా వర్క్‌షాపులో ఆయన చేస్తున్న పని దాదాపు ఆ మూడే. ఎవరూ ఒక్క మాట అనలేదు. అనకపోవడమే ఆయనకి ఎక్కువ గుచ్చుకునేది.

వర్క్‌షాపు ఆయన వదినది. అన్నయ్య పోయాక ఆవిడే నడుపుతోంది. ఆవిడ నవ్వడం చూసినవాళ్ళు తక్కువ, ఆవిడ మాట తప్పడం చూసినవాళ్ళు అసలు లేరు. డ్రాయింగులన్నీ ఆవిడ కూతురు కంప్యూటర్లో గీస్తుంది. ఆ అమ్మాయికి ఇప్పుడు ఏడో నెల. నెలన్నరలో సెలవు మీద వెళ్తుంది, మళ్ళీ వచ్చేసరికి ఏడాది దాటుతుంది.

ఒకరోజు పొద్దున్నే వదిన ఆయన్ని తన అద్దాల గదిలోకి పిలిచింది.

"డ్రాయింగు నేర్చుకుంటావా?"

"నేనా?"

"ఈ గదిలో ఇంకెవరున్నారు? అమ్మాయి నేర్పుతుంది. గ్రంథాలయం మెట్లకి రెయిలింగు చెయ్యాలి కదా, అది నువ్వు గీయి. తప్పు లేకుండా కోతకి వెళ్ళిందా, ఆ సీటు నీది. అమ్మాయి తిరిగొచ్చినా ఇద్దరికీ చాలినంత పనుంది. లేదంటావా, బయట ఒకాయనతో మాట్లాడి ఉంచాను, ఆయన వస్తాడు."

"మరి నేను?"

"ఇంటికెళ్ళి విశ్రాంతి తీసుకో. ఇక్కడ మూల కూర్చుని నిన్ను నువ్వు తినేసుకుంటుంటే నేను చూడలేకపోతున్నానయ్యా."

ఆవిడ ఆ మాట ప్రేమగానే అంది. ఆయనకి మాత్రం 'ఇంటికెళ్ళి' అన్న ముక్క ఒక్కటే చెవిలో మిగిలిపోయింది. యాభై నాలుగేళ్ళకి ఇంటికెళ్ళి ఏం చేస్తాడు? ఆయన భార్య బట్టలు కుడుతుంది. ఇంట్లో ఖాళీగా ఉంటే ఆయన చేత గుండీలు కుట్టిస్తానని ఇప్పటికే రెండుసార్లు బెదిరించింది.

అలా మొదలైంది చదువు.

మొదటి వారం మౌసుతో యుద్ధం. ఉలి పట్టిన చెయ్యి మౌసుని కూడా ఉలిలాగే పట్టింది. "బాబాయ్, అది పారిపోదు, కాస్త వదులుగా పట్టుకో" అని అమ్మాయి రోజుకి పదిసార్లు చెప్పేది. రంపం దగ్గరుండే మేస్త్రి వచ్చిపోతూ తలుపు సందులోంచి తొంగిచూసి, "ఏం అన్నా, ఎలకని పట్టావా లేదా?" అని పలకరించి పోయేవాడు. మెట్లాయన పళ్ళు నూరుకునేవాడు. అయినా సీటు వదల్లేదు. ఆయనలో మొండితనానికి ఎప్పుడూ కొదవ లేదు, ఆ భుజానికి కూడా అది ఆయన దగ్గర్నుంచే అంటుకుని ఉండాలి.

రెండో వారం అమ్మాయి స్నాప్ నేర్పింది. ఆయనకి కంప్యూటర్లో మొదటిసారి ఏదైనా నచ్చిందంటే అదే.

"చూడు బాబాయ్, తెర కింద వరసగా చిన్న గళ్ళున్నాయి కదా. దేంట్లో టిక్కు పెడితే మౌసు దాన్ని పట్టుకుంటుంది. ఎండ్ అంటే గీత కొస. మిడ్ అంటే సరిగ్గా నడుమ. సెంటర్ అంటే గుండ్రటివాటి మధ్య చుక్క. నియర్ అంటే గీత మీద ఎక్కడ దగ్గరైతే అక్కడ. నీ చెయ్యి వణికినా పరవాలేదు, అదే లాక్కుని అతికించుకుంటుంది."

"అయస్కాంతంలాగా."

"అచ్చం అంతే. ఇంకోటుంది, చివర్లో, ప్రొజెక్ట్. ఇవాళ మనం నేల మీద గీతలు గీస్తున్నాం కదా, గదీ గోడలూ ఎక్కడున్నాయో చూపించడానికి. ఇది పెట్టుకుంటే పైనున్న దేన్ని పట్టుకున్నా గీత మాత్రం కింద నేల మీదే పడుతుంది. గాల్లో వేలాడదు."

ఆ ఐదో సంగతి ఆయన సగమే విన్నాడు. అప్పటికింకా మొదటి నాలుగూ కాగితం మీద రాసుకుంటున్నాడు. రాయడం పూర్తయ్యాక కింద అయిదోది కూడా పేరు మాత్రం రాసి, కాగితాన్ని తెర అంచుకి అంటించాడు.

ఇక్కడ ఆయన పద్ధతి ఒకటి చెప్పాలి. పనిలో చేరిన తొలిరోజు నుంచీ మెట్లాయన పొద్దున్నే రాగానే పనిముట్లన్నీ బల్ల మీద వరసగా పరిచేవాడు. రంపం, మూలమట్టం, ఉలులు చిన్నదాన్నుంచి పెద్దదాకా, చిత్రిక, సుత్తి. ఆ రోజు వాటిలో రెండే వాడతాడనుకోండి, అయినా అన్నీ పరవాల్సిందే, లేకపోతే చెయ్యి సాగదు. కంప్యూటరు ముందు కూర్చున్నాక కూడా అదే వరస. పొద్దున్నే యంత్రం లేవగానే కాగితం చూసుకుని ఒకటి, రెండు, మూడు, నాలుగు, ఐదు అని టిక్కులన్నీ పెట్టేవాడు. ఉలికి ఉన్న నీతి మౌసుకి కూడా ఉంటుందని నమ్మాడు. బల్ల మీదున్న ఉలి మనం ముట్టుకోకపోతే ఏమీ చెయ్యదు. తెర మీది టిక్కు అలాంటిది కాదు, మనం పట్టించుకోకపోయినా అది తన పని తాను చేసుకుపోతుంది. ఆ తేడా ఆయనకి ఎవరూ చెప్పలేదు. అందరికీ తెలిసిన సంగతి అనుకున్నారు కాబోలు.

గ్రంథాలయంలో మెట్లు పదిహేడు. గోడ వెంట వంపు తిరుగుతూ పై అంతస్తుకి వెళ్తాయి. వాటికి చెయ్యి వేసి పట్టుకునే రెయిలింగు కింది నుంచి పైదాకా ఒకే వంపులో, ఎక్కడా అతుకు లేకుండా రావాలి. అందుకని సన్నటి చెక్క బద్దల్ని పొడుగ్గా కోసి, ఒకదాని మీద ఒకటి జిగురుతో అంటించి, అచ్చు మీద వంచుతారు. బద్దలు పొట్టిగా కోశారా, అంతే సంగతులు. చెక్కని సాగదీసే విద్య ఇంకా ఎవరూ కనిపెట్టలేదు. పైగా అంత పొడుగు బోర్డులు పదకొండే వచ్చాయి, వాటికే రెండు నెలలు ఎదురుచూశారు.

మామూలుగా అయితే మెట్లాయన సైటుకి వెళ్ళి తాడు పట్టి కొలిచేవాడు. మెట్ల అంచుల వెంట వాలుగా తాడు లాగి, దాని పొడవు చూసుకునేవాడు. కానీ భుజం తెగడానికి ముందు చేసిన ఆఖరి పనిలో ఆ తాడే ఆయన పరువు తీసింది. కొత్త నైలాను తాడు, లాగితే సాగింది, కొలత రెండు వేళ్ళు తేడా వచ్చింది. ఆ రోజు నుంచి వదిన ఒకటే మాట పెట్టింది. కొలతలన్నీ లేజరు యంత్రంతోనే తియ్యాలి, తాడు ఊసు ఎత్తకూడదు. గ్రంథాలయం మెట్లని కూడా యంత్రంతోనే కొలిచారు, ఆ మెట్లన్నీ ఉన్నవున్నట్టుగా అమ్మాయి కంప్యూటర్లోకి ఎక్కించింది.

అన్నీ తెలిసి కూడా మెట్లాయన ఊరుకోలేకపోయాడు. ఒక సాయంత్రం ఇంటికెళ్తూ దారి మళ్ళించి గ్రంథాలయంలోకి దూరాడు. ఈసారి నూలు తాడు, మైనం పట్టించింది, సాగనిది. ఒక కొస ఎడంచేత్తో కింద కట్టి, రెండో కొస పళ్ళ మధ్య పెట్టుకుని మెట్లు ఎక్కుతుంటే, గోడకి రంగు వేస్తున్నాయన నిచ్చెన మీంచి "ఏం పెద్దాయనా, మేకని తోలుకెళ్తున్నావా?" అని నవ్వాడు. తాడు పళ్ళలో ఉంది కాబట్టి జవాబు చెప్పలేదు గానీ, లేకపోతే గట్టిగానే చెప్పేవాడు.

ఇంటికొచ్చి తాడుని నేల మీద పరిచాడు. ఒక కొస భార్య కాలివేలితో తొక్కిపట్టుకుంది. టేపు పెట్టి చూస్తే ఐదు మీటర్ల ఇరవై సెంటీమీటర్లు.

"దీంతో ఏం చేస్తారు?" అందామె.

"ఏమీ చెయ్యను. ఊరికే తెలుసుకోవాలనిపించింది."

"ఊరికే తెలుసుకోవడానికి పళ్ళతో తాడు లాక్కొచ్చే మనిషిని మిమ్మల్నే చూశాను."

తర్వాతి రెండు రోజుల్లో రెయిలింగు గీశాడు. తెర మీద నాలుగు కిటికీలు ఉంటాయి, పైనుంచి చూసినట్టు ఒకటి, ముందు నుంచి ఒకటి, పక్క నుంచి ఒకటి, ఏటవాలుగా ఒకటి. నాలుగూ ఒకేసారి చూస్తే ఆయనకి కళ్ళు తిరిగేవి. అందుకని పైనుంచి చూసే కిటికీ ఒక్కటే తెరంతా పెద్దది చేసుకున్నాడు. ఒక్కో మెట్టు మూల దగ్గరికి మౌసు తీసుకెళ్ళగానే టక్కున అతుక్కుంటోంది. పదిహేడు మెట్లు, పదిహేడు చుక్కలు, వాటన్నిటినీ కలుపుతూ వంపుగీత. ఎంత ముద్దుగా వచ్చిందంటే, కుర్చీ వెనక్కి జరిపి కాసేపు అలా చూస్తూ కూర్చున్నాడు. తనకీ ఇది చేతనైందని పొంగిపోయాడు.

అమ్మాయి వెళ్ళబోతూ భుజం మీంచి ఒక్కసారి చూసి, "అబ్బ, బాగుంది బాబాయ్! ఎక్కడా తేడా లేదు" అంది. మర్నాటి నుంచి ఆమె రాలేదు. రక్తపోటు ఎక్కువగా ఉంది, ఇక మంచం దిగొద్దని డాక్టరు చెప్పాడు. నెల ముందే సెలవు వచ్చిపడింది.

ఆ తర్వాతి రోజు పొద్దున్న మెట్లాయన కోత జాబితా తీశాడు. డ్రాయింగులో ఏది ఎంత పొడవుందో కంప్యూటరే లెక్కకట్టి అచ్చు వేసి ఇస్తుంది. కాగితం బయటికొచ్చింది. రెయిలింగు పొడవు నాలుగు మీటర్ల ముప్పై రెండు సెంటీమీటర్లు.

తాడు చెప్పింది ఐదు ఇరవై. దాదాపు గజం తక్కువ.

ముప్పై ఏళ్ళు మెట్లు చేసినవాడికి అది తప్పని తెలియదా అని మీరు అడగొచ్చు. కోతకి పంపకూడదని తెలుసు. అయినా వెళ్ళి చెప్పలేదు. చెప్పాలంటే రెండు నేరాలు ఒప్పుకోవాలి. ఒకటి, వద్దన్న తాడు పట్టానని. రెండోది, గీసింది తప్పని. తప్పు లేకుండా కోతకి వెళ్తేనే సీటు అని వదిన అంది. ఆవిడ మాటంటే మాటే. ఇప్పుడు నోరు విప్పితే తన కాళ్ళు తనే నరుక్కున్నట్టు. పైగా మనసులో ఒక పిరికిమాట మెదిలింది. 'ఏమో, కంప్యూటరు లెక్కే సరైందేమో! వంపు ఉంది కదా, దానికేదో వేరే లెక్క ఉంటుందేమో. పోయినసారి కూడా తాడే కదా తప్పింది.'

మనిషి తనకి కావలసిన అబద్ధాన్ని ఎంత తొందరగా నమ్ముతాడో! కాగితాన్ని తీసుకెళ్ళి రంపం మేస్త్రికి ఇచ్చేశాడు. కోత మర్నాడు పొద్దున్న. మేస్త్రి దాన్ని గోడకి గుచ్చి, "చూశావా, మావాడు డ్రాయింగు దొరైపోయాడు" అని పక్కవాడితో అన్నాడు.

మధ్యాహ్నం అన్నానికి ఇంటికెళ్ళాడు. ముద్ద దిగలేదు. భార్య కుట్టు మిషను ముందు కూర్చుని ఎవరిదో పాప గౌనుకి లేసు వేస్తోంది.

"కూరలో ఉప్పు లేదా?" అంది తల తిప్పకుండా.

"ఉంది."

"మరి మొహంలో ఏం లేదు?"

జరిగింది చెప్పాడు. ఆమె మిషను ఆపింది.

"నాలుగు ముప్పై రెండా? ఆ తాడు కొస నా కాలి కింద ఉంది, నేను చూశాను కదా. ఐదు ఇరవై."

"నేను చెప్తే ఆ సీటు పోతుంది."

"పోనీయండి."

"అంత తేలిగ్గా అనేస్తావేమిటే! పోతే ఇంట్లోనే కదా కూర్చోవాలి నేను. ఇంక దేనికీ పనికిరానని నాకు నేనే..."

ఆమె లేచొచ్చి పక్కన కూర్చుంది. తర్వాత మెల్లిగా, "సీటు పోతే ఏడుద్దురుగాని, నేనూ పక్కన కూర్చుని ఏడుస్తాను. ఆ బోర్డులు మాత్రం పొట్టిగా తెగిపోయాయనుకోండి, మీరు నిద్రపోరు. నన్నూ నిద్రపోనివ్వరు. నాకు నా నిద్ర ముఖ్యం, వెళ్ళి చెప్పండి" అంది.

వెళ్ళాడు. వదిన అద్దాల గదిలో ఏవో కాగితాలు చూసుకుంటోంది.

"వదినా, రేపటి కోత ఆపాలి. రెయిలింగు తప్పు గీశాను."

ఆవిడ కళ్ళజోడు తీసింది. "తప్పని ఎలా తెలిసింది?"

"తాడు పట్టాను."

"వద్దన్నాను కదా."

"అన్నారు. నేనే ఉండబట్టలేక వెళ్ళాను. ఐదు ఇరవై ఉండాలి, జాబితాలో నాలుగు ముప్పై రెండు వచ్చింది. పొద్దున్నే చూశాను, చెప్పడానికి భయపడ్డాను. అదీ నా తప్పే."

ఆవిడ గడియారం వంక చూసింది. అరిచి ఉంటే ఆయనకి కాస్త తేలిగ్గా ఉండేది. అరవలేదు.

"ఎక్కడ తప్పిందో తెలుసా?"

"తెలీదు."

"అమ్మాయికి ఫోన్ చేయొద్దు. ఇలాంటిది చెవిన పడితే మంచం మీంచి లేచి పరిగెత్తుకొస్తుంది. ఇప్పుడు రెండయింది. ఐదింటికి నేను తాళం వేస్తాను. ఈలోపు సరైంది గీస్తావో, చేతకాదని చెప్తావో, రెంట్లో ఒకటి తేల్చు."

తెర ముందు కూర్చున్నాడు. పైనుంచి చూస్తే గీత చక్కగానే ఉంది, వంక పెట్టడానికి లేదు. వర్క్‌షాపులో మెట్లు చేసేటప్పుడు ఇలా అనుమానం వస్తే ఏం చేసేవాడు? వంగి పక్క నుంచి చూసేవాడు. సరే, పక్క నుంచి చూసే కిటికీ తెరిచాడు.

మెట్లు ఒకదాని మీద ఒకటి ఎక్కుతూ పోతున్నాయి. రెయిలింగు మాత్రం కింద నేల మీద వెల్లకిలా పడుంది. పైకి ఒక్క మెట్టు కూడా ఎక్కలేదు. పదిహేడు చుక్కలూ నేలకి అంటుకుపోయి ఉన్నాయి.

తిట్టుకున్నాడు, ఆ తర్వాత నవ్వొచ్చింది. మిట్టమధ్యాహ్నం ఎండలో నిచ్చెన వాలుగా నిలబెడితే నేల మీద దాని నీడ పొట్టిగా పడుతుంది. తను రెండు రోజులు కష్టపడి గీసింది రెయిలింగుని కాదు, దాని నీడని. పైనుంచి చూస్తే రెండూ ఒకేలా కనపడతాయి, నీడకి మాత్రం ఎత్తు ఉండదు.

గీత చెరిపేసి మళ్ళీ మొదలుపెట్టాడు. ఈసారి పక్క కిటికీ వంకే చూస్తూ రెండో మెట్టు మూలని పట్టుకున్నాడు. చుక్క దబ్బున నేల మీద పడింది. ఇంకోసారి, మళ్ళీ నేల మీదే. ఆఖరి మెట్టు పట్టుకుని చూశాడు, అంత ఎత్తు నుంచీ అదే తీరు. "నీకేం రోగమొచ్చిందే" అని కంప్యూటర్ని అడిగాడు. అది చెప్పలేదు.

మూడున్నరయింది. లేచి రెండు గుక్కల నీళ్ళు తాగాడు. చెక్క మీద గీరలు పడుతుంటే ఏం చేస్తాం? పనిముట్లు ఒక్కొక్కటే మార్చి చూస్తాం, గీర ఏది పెడుతోందో అదే దొరుకుతుంది. తెర కింద వరసలో ఐదు టిక్కులు ఉన్నాయి. మొదటిది తీశాడు, మూలనే పట్టుకోలేదు, మళ్ళీ పెట్టాడు. రెండోది తీశాడు, చుక్క నేల మీదే. మూడోది, నేల మీదే. నాలుగోది, నేల మీదే. తీసినవన్నీ మళ్ళీ పెట్టేశాడు. ఐదోది తీశాడు.

చుక్క మెట్టు మూలన నిలబడింది.

చెయ్యి మౌసు మీంచి తీసేశాడు, కదిపితే పడిపోతుందేమోనని. పడలేదు. అప్పుడు గుర్తొచ్చింది అమ్మాయి చెప్పిన మాట, ఆ సగం విన్న మాట. నేల మీద గీతలకి పెట్టుకోమంది, రోజూ పొద్దున్నే పెట్టుకోమని ఎప్పుడూ అనలేదు. అన్ని పనిముట్లూ పరిచే తన పద్ధతే తన కొంప ముంచింది. కాగితం మీద ఐదో పేరుకి ఎదురుగా 'నేల పనికి మాత్రమే' అని రాసుకున్నాడు.

గబగబా పదిహేడు చుక్కలూ పెట్టి వంపుగీత కలిపాడు. ఏటవాలు కిటికీలో రెయిలింగు గోడ వెంట తిరుగుతూ పైకి లేచింది. నాలుగు నలభై. చూస్తూ చూస్తూ ఉంటే తొమ్మిదో మెట్టు దగ్గర కంటికి ఏదో అడ్డం తగిలింది. పెద్దదేం కాదు, చిన్న ఉబ్బు. కంప్యూటరు దాన్ని తప్పు అనదు. ఆయన చెయ్యి అంది. అక్కడ చెయ్యి జారుకుంటూ వెళ్తుంటే ఆగుతుంది, ఆయన అరచేతికి ఆ సంగతి ఇక్కడ కూర్చునే తెలిసిపోయింది. పెద్దది చేసి చూస్తే, అక్కడ మౌసు మూలని పట్టుకోకుండా కాస్త పక్కకి మెట్టు అంచుని పట్టుకుంది. ఇది నాలుగో టిక్కు పని, ఎక్కడ దగ్గరైతే అక్కడ అతుక్కునే నియర్. దాన్నీ తీసేశాడు. చుక్కని మూలకి జరిపాడు. ఉబ్బు పోయింది.

ఐదింటికి ఐదు నిమిషాలుండగా కొత్త జాబితా వదిన బల్ల మీద పెట్టాడు. ఐదు మీటర్ల పంతొమ్మిది సెంటీమీటర్ల ఎనిమిది మిల్లీమీటర్లు.

"తాడుకీ దీనికీ తేడా?"

"రెండు మిల్లీమీటర్లు. అది నా పళ్ళ లోపం."

ఆవిడ నవ్వలేదు. కాగితం ఆసాంతం చదివి, "సరే, కోయించు" అంది.

"మరి ఆ బయటాయన..."

"ముందు రెయిలింగు కూర్చోనీ."

మర్నాడు మేస్త్రి గోడ మీది పాత కాగితం పీకి, కొత్తది అటూ ఇటూ తిప్పి చూశాడు. "ఏం అన్నా, రాత్రికి రాత్రి గజం పెరిగిందే! ఎరువేశావా?"

"నిన్న నీకిచ్చింది దాని నీడ పొడుగు" అన్నాడు మెట్లాయన. దాచడానికి ఏమీ లేదనుకున్నాక ఆ మాట తేలిగ్గానే వచ్చింది. మేస్త్రి ఒక్క క్షణం ఆలోచించాడు, అర్థమై గుడ్లు తేలేశాడు. "కోసేసేవాణ్ణి కదా అన్నా!" అని మాత్రం అని, ఇంక వేళాకోళం ఆడకుండా రంపం వేశాడు.

బద్దలు తెగాయి, జిగురు పట్టింది, అచ్చు మీద వంపు తిరిగింది. మూడు వారాలు పట్టింది. ఆ మూడు వారాలూ వదిన సీటు సంగతి ఎత్తలేదు, ఆయన అడగలేదు. రోజూ వచ్చి తెర ముందు కూర్చుని చిన్నాచితకా గీసేవాడు. ఏ గీత గీయబోయినా ముందు 'ఇవాళ ఏది కావాలి, ఏది అక్కర్లేదు' అనుకుని టిక్కులు చూసుకునేవాడు. సాయంత్రం వెళ్తుంటే మాత్రం ఇదే ఆఖరి రోజేమో అనిపించేది.

బిగించే రోజు అందరూ గ్రంథాలయానికి వెళ్ళారు. రెయిలింగుని నలుగురు మోసుకెళ్ళారు. మోసేవాళ్ళలో తను లేడని మెట్లాయనకి ఒక్కసారి కలుక్కుమంది. పక్కకి తప్పుకుని మెట్ల కింద నిలబడ్డాడు. మేస్త్రి పై కొస పట్టుకున్నాడు, ఇంకొకతను కింది కొస. గోడకున్న కొక్కేల మీద మెల్లిగా దించారు. మొదటి కొక్కెం, రెండోది, అయిదోది, పదోది. ఆఖరిది దగ్గరికి వచ్చేసరికి మెట్లాయన కళ్ళు మూసుకున్నాడు. సుత్తి అడిగిన మాట లేదు, రంపం తెమ్మన్న కేక లేదు. కళ్ళు తెరిచి చూస్తే రెయిలింగు ఆ గోడకోసమే పుట్టినట్టు కూర్చుంది.

వదిన ముందుకొచ్చి రెయిలింగు మీద అరచెయ్యి వేసింది. చెయ్యి ఎత్తకుండా, తొందరపడకుండా ఒక్కో మెట్టూ ఎక్కింది. ఉబ్బు వచ్చిందని ఆయన చెప్పిన తొమ్మిదో మెట్టు దగ్గర ఆగి, అక్కడే చేతిని వెనక్కీ ముందుకీ రెండుసార్లు పోనిచ్చింది. పైదాకా వెళ్ళింది, అలాగే చెయ్యి ఎత్తకుండా దిగొచ్చింది. ఆ కాసేపూ మెట్లాయన ఆవిడ అరచేతినే చూస్తూ నిలబడ్డాడు.

"ఎక్కడా ఆగలేదు" అందావిడ.

"ఊఁ."

"ఆ బయటాయనకి ఆ రోజే ఫోన్ చేసి వద్దని చెప్పేశాను."

"ఏ రోజు?"

"నువ్వు నా గదిలోకి వచ్చి తప్పు గీశానన్న రోజు. నువ్వు బయటికి వెళ్ళగానే చేశాను."

ఆయనకి అర్థం కాలేదు. "అప్పటికింకా నేను సరిచెయ్యలేదు కదా వదినా! తప్పు లేకుండా ఉంటేనే అన్నారు."

"తప్పు లేకుండా కోతకి వెళ్తే అన్నాను. వెళ్ళిందిగా?" ఆవిడ కళ్ళజోడు తీసి కొంగుతో తుడిచింది. కళ్ళజోడుతో పాటు కళ్ళూ తుడుచుకున్నట్టు అనిపించింది గానీ, అడిగితే ఒప్పుకోదు. "గీయడం ఎవరికైనా నేర్పించుకోవచ్చయ్యా. సీటు పోతుందని తెలిసి కూడా వచ్చి చెప్పేవాణ్ణి నేనెక్కడ వెతుక్కోను?"

"మరి ఈ మూడు వారాలూ చెప్పలేదేం?"

"తాడు పట్టొద్దంటే పట్టావు కదా. దానికి."

మెట్లాయనకి నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది, రెండూ ఒకేసారి. ఏదో ఒకటి అనాలి. ఏడాదిగా తను మోసిన బరువంతా దిగిపోయిందని అనాలనుకున్నాడు. తన చేతులతో ముట్టుకోకుండానే ఈ రెయిలింగు తన చేతిపనే అయిందని అనాలనుకున్నాడు. చివరికి నోట్లోంచి వచ్చింది వేరే మాట.

"వదినా, ఆ కుర్చీ కొంచెం పొట్టిగా ఉంది. దాని కాళ్ళ కింద రెండంగుళాల చెక్క వేసి ఎత్తు పెంచుకోనా?"

"నన్నడుగుతావేం?" అంది వదిన, మెట్లు వదిలి తలుపు వైపు నడుస్తూ. "నీ కుర్చీయే కదా."